తట్టుకునేదా, నిరోధించేదా?

సందేహం: మాది నర్సంపేట దగ్గరి పల్లె. వరి విత్తనాల సంచి మీద ‘టుంగ్రో వైరస్ తెగులును తట్టుకునే రకం’ అని ఉంది. దాంతో ఇచ్చిన కరపత్రంలో ‘టుంగ్రో నిరోధక రకం’ అని ఉంది. రెండూ ఒకటేనని మా బాపు అంటున్నాడు. ఒకటేనా?

సమాధానం: ఒకటి కావు. అయితే మీ బాపును తప్పుపట్టను. ఈ రెండు మాటలనూ కలిపేసింది రాసేవాళ్లే.

‘నిరోధం’లో ఉన్నది రుధ్ ధాతువు. అవరోధం, విరోధం దాని తోబుట్టువులు. అడ్డగించడం దాని పని. నిరోధక రకం వైరస్‌ను లోపలికి రానివ్వదు, వచ్చినా పెరగనివ్వదు. ‘తట్టుకొను’ సంగతి వేరు. రాయి కాలికి తట్టింది అంటాం కదా, అదే తట్టు. దెబ్బ తగిలింది, ‘కొను’ దాన్ని తన మీదికి తీసుకుంది, మనిషి మాత్రం పడిపోలేదు. తట్టుకునే రకంలో వైరస్ ఉంటుంది, పెరుగుతుంది కూడా. దిగుబడి మాత్రం అంతగా పడిపోదు. (‘అడ్డుకొను’లోనూ కొను ఉంది కదా అంటారేమో. అక్కడ అర్థాన్ని మోసేది ‘అడ్డు’.)

పరకాల వైపు మా చిన్నాయన కొడుకు ఒకసారి కొసలు నారింజ రంగుకు తిరిగిన వరి దుబ్బును పీకి నా చేతిలో పెట్టాడు. ‘‘రోగం వచ్చుడైతే వస్తది అన్నా, గని గింజ నిలుస్తది’’ అన్నాడు. తట్టుకోవడానికి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. దీనికి ‘సహనశీలత’ అనే బరువు మాట ఎందుకో నాకు అర్థం కాదు.

వరంగల్ పరిశోధన స్థానం నుంచి వచ్చిన సురేఖ, కావ్య ఉల్లికోడు (వరి పిలకలోకి దూరి పాడుచేసే పురుగు) నిరోధానికి పేరుపడ్డ వరి రకాలు. నిరోధం పనిచేసిన చోట, పైరులోకి చేరిన పిల్లపురుగు అక్కడే చచ్చిపోతుంది. అయినా ఇలాంటి రకాలను ‘ఉల్లికోడును తట్టుకుంటుంది’ అనే రాస్తుంటారు. చంపడాన్ని తట్టుకోవడం అంటామా?

ఇది మాటల పట్టింపు కాదు. టుంగ్రోకు కారణం రెండు వైరస్‌లు. వాటిని మోసుకుపోయేది పచ్చదీపపు పురుగు. తట్టుకునే పైరు తన గింజ తాను నిలుపుకుంటుంది, కానీ దాని రసం పీల్చిన పురుగు పక్క మడి మీద వాలితే అక్కడికీ తెగులు చేరుతుంది. సంచి కొన్నవాడు బయటపడతాడు, గట్టు అవతలివాడు నష్టపోతాడు. అందుకే ఈ మాటలు కలిపి రాస్తే నాకు కోపం వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ‘నిరోధకం’ అన్నప్పుడు దేనికి అని కూడా చెప్పాలి. కొన్ని రకాలు పురుగును మాత్రమే నిలవనివ్వవు, వైరస్‌ను కాదు. పురుగులు ముమ్మరమైతే అలాంటి రకానికీ తెగులు రావచ్చు.

మీ బాపుతో చెప్పండి, ఈసారి దుకాణంలో ఇట్లా అడగమని: ‘‘రోగం రానే రాదా, వచ్చినా పండుతదా?’’