ఇరవై అయిదు నిమిషాల విమానానికి రెండు రోజులు చేతిలో పెట్టుకో

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న దీవెనలు.

నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో, నీ-ఒలెసుండ్ అనే ఊళ్ళో ఉన్న మన దేశ ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రికి నువ్వు వెళ్తున్నావని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషం వేసింది. కానీ "అక్కడి పెద్ద ఊరు లాంగ్‌యియర్‌బీన్ నుంచి నీ-ఒలెసుండ్ పాతిక నిమిషాలే, దిగిన రోజే వెళ్ళిపోతా" అన్నావట. అక్కడే కాస్త ఆగు తల్లీ.

దూరం నిజంగానే తక్కువ. దాదాపు 110 కిలోమీటర్లు, మనకు హైదరాబాద్ నుంచి నల్గొండ వెళ్ళినట్టు. కానీ ఆ రెండు ఊళ్ళ మధ్య రోడ్డు లేదు. మధ్యలో ఉన్నవన్నీ హిమానీనదాలు, కొండలు, సముద్రపు పాయలు. వెళ్ళేది చిన్న డోర్నియర్ విమానం, దిగేది కంకర రన్‌వే మీద. పొగమంచు కమ్మితే కదలదు. నేను వెళ్ళినప్పుడు రెండుసార్లు విమానాశ్రయం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. మూడో రోజు మబ్బు విడింది. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడు కూడా అలాగే ఆగిపోయి, ఓస్లో నుంచి ఢిల్లీ విమానం తప్పిపోయింది. అప్పుడు పడ్డ టెన్షన్ నువ్వు పడకూడదు. అటూ ఇటూ కనీసం రెండేసి రోజులు ఖాళీ ఉంచుకో.

ఈ ఖాళీ రోజులు వీసా గడువులో కూడా కలిసి ఉండాలి. వీసాలో ఇంకో మెలిక ఉంది. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ పరిధిలోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల పరిధిలోకి రాదు. ఓస్లో మీదుగా వెళ్తే షెంగెన్ దాటి బయటికి వెళ్ళినట్టు, తిరిగొస్తే మళ్ళీ లోపలికి వచ్చినట్టు లెక్క. అందుకే కనీసం రెండుసార్లు ప్రవేశించే వీసా అడుగు. సింగిల్ ఎంట్రీ ఇస్తే తీసుకోకు, వెంటనే సరిచేయించుకో.

చిన్న విమానం కదా, సామాను బరువు దగ్గర గట్టిగా ఉంటారు. మందులు, ఒక జత ఉన్ని బట్టలు, మంచి సాక్సులు చేతిసంచిలోనే ఉంచుకో. సాక్సులని ఎందుకంటున్నానంటే, అక్కడ చాలా చోట్ల గుమ్మంలోనే బూట్లు విప్పాలి. గని కార్మికులు బొగ్గుమసి లోపలికి తేకుండా పెట్టుకున్న అలవాటు అది. నేను మొదటిరోజు చిరిగిన సాక్సుతో భోజనాల హాల్లోకి అడుగుపెట్టి, కాలివేలు దాచుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

నీ-ఒలెసుండ్‌లో దిగగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. వైఫై, బ్లూటూత్ వాడకూడదు. సుదూర అంతరిక్షం నుంచి వచ్చే బలహీనమైన రేడియో సంకేతాలను అక్కడి యాంటెన్నాలు వింటుంటాయి, మన ఫోన్లు వాటికి అడ్డు. కాబట్టి బయల్దేరే ముందే అమ్మకు చెప్పు, వాట్సాప్ మోగకపోతే కంగారుపడొద్దని. ఊరి హద్దు దాటి ఒంటరిగా వెళ్ళకు, ధ్రువపు ఎలుగుబంట్లు ఉంటాయి. తుపాకీ శిక్షణ ఇస్తారు, శ్రద్ధగా నేర్చుకో.

నువ్వు వెళ్ళేది జూన్‌లో కనుక అర్ధరాత్రి కూడా ఎండే. కళ్ళకు గంతలు కొనుక్కో.

టికెట్లు తీసే ముందు తేదీలు నాకు పంపించు, ఒకసారి చూస్తాను.

పెద్దనాన్న