కొత్త నగరంలో కాఫీ షాపు, ఇంటర్నెట్ కేఫ్ వెతుక్కోవడం గురించి

అమ్ములూ,

వచ్చే నెలంతా కొత్త నగరంలో ఉండాలనీ, గదిలో నెట్ సరిగ్గా ఉంటుందో లేదో తెలియదనీ, కాఫీ షాపులో కూర్చుంటే సరిపోతుందా, ఇంటర్నెట్ కేఫ్ వెతుక్కోవాలా అనీ అడిగావు కదా. ఉద్యోగం కోసం చాలా ఊళ్ళు తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసిందంతా రాసేస్తున్నాను, పొడవైనా ఓపిగ్గా చదువు.

ముందు నీకు ఏ పని ఉందో తేల్చుకో. సొంత లాప్‌టాప్ మీద రెండు గంటలు రాసుకోవాలంటే కాఫీ షాపు చాలు. ఒక ఫారం ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాలంటే ఎంత మంచి కాఫీ షాపైనా పనికిరాదు. 1994లో లండన్‌లో సైబీరియా (Cyberia) అనే కేఫ్ తెరిచినప్పుడు కాఫీ, కంప్యూటరు, ఇంటర్నెట్ అన్నీ ఒక్కచోటే దొరికేవి. తర్వాత లాప్‌టాప్‌లూ స్మార్ట్‌ఫోన్లూ అందరి చేతికీ వచ్చాక కాఫీ ఒకవైపు, కంప్యూటరు ఒకవైపు అయిపోయాయి. ఇప్పుడు కాఫీ షాపు వాళ్ళు కుర్చీ, వైఫై ఇస్తారు, అంతే. గంట లెక్కన కంప్యూటరు ఇచ్చే చోట్లు చాలావరకు ప్రింటింగ్ షాపుల్లోనో గేమింగ్ సెంటర్లలోనో కలిసిపోయాయి. అందుకే మ్యాప్‌లో ఇంటర్నెట్ కేఫ్ అని కొడితే ఒకటో రెండో కనబడతాయి, వాటిలోనూ ఒకటి ఎప్పుడో మూసేసినదై ఉంటుంది. ప్రింటింగ్, స్కానింగ్, గేమింగ్ అని విడివిడిగా వెతుకు, ఆ ఊరి భాషలో టైప్ చేసి మళ్ళీ వెతుకు, ఫలితాలు చాలా మారతాయి. కాలేజీల చుట్టుపక్కల, కోర్టులూ ప్రభుత్వ ఆఫీసులూ ఉన్న వీధుల్లో, పెద్ద స్టేషన్ల దగ్గర ఇలాంటివి ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కాగితం పని ఎక్కడుంటే ప్రింటర్ అక్కడుంటుంది. ప్రభుత్వ గ్రంథాలయాన్ని మర్చిపోకు. చాలా ఊళ్ళలో అక్కడే కంప్యూటరు, ప్రింటరు, నిశ్శబ్దం మూడూ దొరుకుతాయి, మన జనం ఎందుకో ఆ వైపే చూడరు.

మ్యాప్‌లో రేటింగ్ చూసి పరుగెత్తకు. ఆ చుక్కలు కాఫీ రుచికి ఇచ్చినవి, నీ పనికి కాదు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, వాటిలో వైఫై, ప్లగ్, లాప్‌టాప్ అనే మాటల కోసం వెతుకు. వచ్చినవాళ్ళు పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూడు, గోడకి ప్లగ్ పాయింట్లు ఉన్నాయా, బల్లలు లాప్‌టాప్ పట్టేంత ఉన్నాయా, ఎవరైనా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారా అనేది అక్కడే తెలిసిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో చూపించే గ్రాఫ్ ఉంటుంది, అది బాగా పనికొస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళ నిండిపోయే చోట గంటల తరబడి కూర్చుంటే నీకూ ఇబ్బందే, వాళ్ళకీ ఇబ్బందే. బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టు. తెరిచి ఉందా, వైఫై పనిచేస్తోందా, లాప్‌టాప్‌తో కూర్చోనిస్తారా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కొన్ని షాపుల్లో సెలవు రోజుల్లో లాప్‌టాప్‌లు వద్దంటారు, కొన్ని చోట్ల వైఫై ఇంతసేపే అని పరిమితి పెడతారు.

లోపలికి వెళ్ళగానే సామాను పరిచేయకు. ముందు చిన్నదేదైనా ఆర్డర్ చేసి, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టు. అందరూ డౌన్‌లోడ్ స్పీడే చూస్తారు కానీ వీడియో కాల్‌కి అప్‌లోడ్, అంటే నీ వైపు నుంచి బయటికి వెళ్ళే వేగం కూడా కావాలి. జూమ్‌లో ఇద్దరు మాట్లాడుకునే 720పీ వీడియోకి అటూ ఇటూ 1.2 ఎంబీపీఎస్ దాకా కావాలి, కాబట్టి అప్‌లోడ్ దానికి రెండు మూడు రెట్లయినా కనబడితే ధైర్యంగా కూర్చో. వైఫై పేర్లు రెండు కనబడి ఒకదాని చివర 5జీ అని ఉంటే, అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. రూటర్‌కి దగ్గర్లో ఉంటే అదే వేగం, గోడలు అడ్డొస్తే మాత్రం 2.4 గిగాహెర్ట్జ్‌దే నయం. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ 2.4 దగ్గరే పనిచేస్తుంది కాబట్టి, వంటగది పక్క సీటులో కూర్చుంటే ఓవెన్ తిరిగినప్పుడల్లా కాల్ తెగుతూ ఉండొచ్చు. వైఫై కనెక్ట్ అయినా లాగిన్ పేజీ రాకపోతే టెన్షన్ పడకు, వీపీఎన్ (నీ నెట్ రాకపోకల్ని ఇతరులు చూడకుండా దాచే యాప్) ఉంటే ఆపేసి, బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరువు, చాలాసార్లు ఆ పేజీ దానంతటదే వస్తుంది. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్ళీ వేసుకోవచ్చు. వైఫై పేరు మాత్రం కౌంటర్‌లో అడిగే కలువు, షాపు పేరుతోనే దొంగ నెట్‌వర్క్ పెట్టడం ఎవరికైనా చాలా సులువు.

సీటు విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. వీపు గోడవైపు ఉండేలా కూర్చో. నీ స్క్రీన్ ఎవరికీ కనబడదు, వచ్చేపోయేవాళ్ళు నీకు కనబడతారు. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే లాప్‌టాప్ బల్ల మీద వదిలి పక్కవాళ్ళని చూడమని చెప్పడం నాకు అస్సలు నచ్చదు, తీసుకునే వెళ్ళు. కూర్చున్నంతసేపూ అప్పుడప్పుడు ఏదో ఒకటి ఆర్డర్ చేస్తూ ఉండు, ఆ షాపు నడిచేది దాంతోనే.

ఇక ఇంటర్నెట్ కేఫ్ కంప్యూటర్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలమ్మా, ఇది నిన్ను బతిమాలి చెప్తున్నాను. ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే అన్నీ భద్రం అనుకుంటారు చాలామంది. అది నీ హిస్టరీ ఆ కంప్యూటర్‌లో మిగలకుండా చూస్తుంది గానీ, నువ్వు కొట్టే అక్షరాలన్నీ రాసిపెట్టుకునే కీలాగర్ ఉంటే దాన్ని ఆపలేదు. బ్యాంకు పని అక్కడ వద్దే వద్దు, ఎంత అవసరమైనా ఫోన్ డేటా మీద చేసుకో. ప్రింట్ కోసమైతే నీ మెయిల్‌లో లాగిన్ అవ్వకుండా, షాపువాళ్ళ మెయిల్‌కి నీ ఫోన్ నుంచే ఆ పీడీఎఫ్ ఒక్కటే పంపించు, ప్రింట్ వచ్చాక నీ ఎదురుగానే డిలీట్ చేయమను. పెన్‌డ్రైవ్ పెడితే వైరస్‌తో తిరిగొచ్చే ప్రమాదం ఉంది. వాట్సాప్ వెబ్ తెరవాల్సి వస్తే, లేచే ముందు నీ ఫోన్‌లోని లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్ళి ఆ కంప్యూటర్‌ని తీసేయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్, స్కానర్ అద్దం కింద మిగిలిపోయిన అసలు కాగితం, ఈ మూడూ చూసుకున్నాకే కుర్చీ వదులు. కొన్ని దేశాల్లో కేఫ్‌లో కూర్చోవాలంటే గుర్తింపు కార్డు చూపించాలి, కాబట్టి ఒకటి వెంట ఉంచుకో.

బయల్దేరే ముందు ఇంట్లోనే చేసుకోవాల్సినవి రెండున్నాయి. ఆ నగరం మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకో, నెట్ లేనప్పుడే కదా నెట్ ఉన్న చోటు వెతకాల్సి వచ్చేది. రెండోది, గూగుల్ ఖాతాకి బ్యాకప్ కోడ్స్ తీసి కాగితం మీద రాసుకో. పది ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. ఊరు మారాక సిమ్ పనిచేయక ఓటీపీ రాకపోతే అవే దిక్కు. ఆ కాగితం పర్సులో కాకుండా సూట్‌కేసులో పెట్టు.

దిగిన రోజు సాయంత్రం బస దగ్గర్లో రెండు కాఫీ షాపులూ, ఒక ప్రింటింగ్ షాపూ నడిచి చూసిరా. ఇంటర్వ్యూ కాల్ ఉన్న రోజుకి ముందురోజు అదే గంటకి అదే సీటులో కూర్చుని, ఎవరికైనా వీడియో కాల్ చేసి చూసుకో. ఎవరూ దొరక్కపోతే నాకు చెయ్యి, ఆ టైమ్‌కి నేను ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ