అల్లుడి చేపల తొట్టికి గాజు థర్మామీటరు

కడప

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రెండడుగుల తొట్టి తెచ్చుకున్నావని తెలిసింది. హీటరు సంగతి తరువాత చూసుకోవచ్చు గానీ, చేపలు వేయకముందే థర్మామీటరు కొను. మన పక్క చేపలు చలికి పోయేది తక్కువ. ఎండాకాలం వేడికి, అంతకు మించి ఉన్నట్టుండి నీళ్ల వేడి మారినందుకు పోయేవే ఎక్కువ. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండేది, 35 దగ్గర 7కి దిగిపోతుంది. చేప ఒంటికి మాత్రం ఆ వేడిలోనే ఎక్కువ ఆక్సిజన్ కావాలి.

కొనేది ఎర్ర రంగో నీలి రంగో ద్రవం ఉన్న స్పిరిట్ థర్మామీటరే అయ్యుండాలి. లోపల వెండిలాగా మెరుస్తుంటే అది పాదరసం, ఎంత సవకగా ఇచ్చినా వద్దు. జ్వరం చూసే గాజు గొట్టం కూడా పనికిరాదు. దాని గీతలే 35 నుంచి మొదలవుతాయి, పైగా ఒకసారి ఎక్కితే విదిలించేదాకా దిగదు. తొట్టి బయట అంటించే రంగుల పట్టీ నీళ్ల వేడిని సరిగ్గా చెప్పదు. సగం గాజుది, సగం గది గాలిది కలిపి చెబుతుంది. గది 40 దగ్గర ఉండే మే నెలలో దాన్ని నమ్మితే మోసపోతావు.

అంగడిలో ఒక్కటే చేతికిస్తే తీసుకోవద్దు. అయిదారు తీయించి, పక్కపక్కన పెట్టి పది నిమిషాలు ఆగు. ఒకటి 29 అంటుంది, ఒకటి 31 అంటుంది. ఎక్కువ వాటితో కలిసేది ఎంచుకో. ద్రవం గీత మధ్యలో తెగి ఉందేమో చూడు. లోపలి అంకెల కాగితం వేలితో తడితే కదులుతుందేమో చూడు. ఈ సవక థర్మామీటర్లలో తప్పు చాలావరకు ద్రవంలో ఉండదు, జారిన ఆ కాగితంలోనే ఉంటుంది.

ఇంటికి తెచ్చినాక పరీక్ష పెట్టు, ఇది మాత్రం మానొద్దు. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, పది నిమిషాలు అప్పుడప్పుడు కలుపు. థర్మామీటరు బుడ్డి గ్లాసు అడుక్కి తగలకుండా నడుమ పెట్టి, అయిదు నిమిషాలకు చూడు. సున్నా చూపాలి. తరువాత మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, ఇది పక్కపక్కన పెట్టి, 37 దగ్గర రెండూ పోల్చు. రెండు చోట్లా ఒకే తేడా, ఉదాహరణకు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ చూపితే, కాగితం జారిందన్నమాట. వాడుకోవచ్చు. చిన్న టేపు మీద 'ఒకటిన్నర తగ్గించు' అని రాసి తొట్టి అంచుకు అంటించు. ఒక చోట ఒక తేడా, ఇంకో చోట ఇంకో తేడా వస్తే గొట్టంలోనే లోపం. వెనక్కిచ్చేయ్. పరీక్ష అయినాక కాగితం మీది 20 గీతకు సరిగ్గా ఎదురుగా బయటి గాజు మీద చెరగని మార్కరుతో సన్నగా గీయి. ఆరు నెలల తరువాత ఆ రెండు గీతలు కలవకుంటే కాగితం మళ్లీ జారినట్టే. మరిగే నీళ్లలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. అది 50 డిగ్రీలకు చేసిన గొట్టం, పగిలిపోతుంది. ఎండలో నిలిపిన కారులో మరిచిపోయినా అంతే.

తొట్టిలో హీటరుకు ఎదురు కొసన, నీళ్ల లోతుకు సగంలో, అంకెలు నీకు ఎదురుగా ఉండేలా అతికించు. ఫిల్టరు నీళ్లు సూటిగా కొట్టే చోట, పైన దీపం కింద, కిటికీ ఎండ పడే పక్క వద్దు. చూసేటప్పుడు కంటిని ద్రవం మట్టానికి తెచ్చి చూడు. నిలబడి పైనుంచి చూస్తే ఒక డిగ్రీ తేడా సులభంగా వస్తుంది. నీళ్లలోనుంచి బయటికి తీసి చదివేవాళ్లున్నారు, తీసిన క్షణం నుంచే అంకె మారుతుంది. ఇంకోటి, లోపలి అంకెల కాగితం మీద వేసిన ఆకుపచ్చ పట్టీలో ద్రవం ఉంటే చాలు అనుకోవద్దు. ఆ పట్టీ 24, 28 నడుమ బతికే గప్పీలకు, మాలీలకు, ఏంజెల్ చేపలకు వేసింది. గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 24 హాయి. కడప ఎండాకాలంలో గోల్డ్‌ఫిష్ పెంచడం దానికీ కష్టం, నీకూ కష్టం.

రోజుకు రెండుసార్లు చూడు, తెల్లారి ఒకసారి, సాయంత్రం అయిదు గంటలకు ఒకసారి. నీళ్లు గాలి కంటే ఆలస్యంగా వేడెక్కుతాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం చూస్తే ఆ రోజుకు అన్నిటికంటే ఎక్కువ వేడి ఎంతో తెలియదు. ఈ రెండు అంకెల నడుమ తేడా రెండు డిగ్రీలు దాటకుండా చూసుకో. దాటితే మూత తెరిచి, చిన్న ఫ్యాను నీళ్ల పైభాగం మీదికి అడ్డంగా తిప్పు. మనది పొడి ఎండ కాబట్టి నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంత బాగా పనిచేయదు. తగ్గిన నీళ్లకు బదులు బోరు నీళ్లు పోయొద్దు, ఉప్పులు పేరుకుంటాయి. క్యాను నీళ్లు పోయి. కరెంటు లేకపోతే గడ్డకట్టించిన అరలీటరు బాటిలు మూతతో సహా తేలవేయి. నీ తొట్టిలో యాభై లీటర్లుంటే అది దాదాపు ఒక డిగ్రీ దింపుతుంది. లీటరు బాటిలు ఒకేసారి వేస్తే రెండు డిగ్రీలకు పైగా పడిపోతుంది. అంత తొందర చేపకు మంచిది కాదు, తెల్లమచ్చల జబ్బు తగులుకునేది ఇట్లాంటప్పుడే.

నీళ్లు మార్చే రోజు థర్మామీటరు బకెట్టులో కూడా పెట్టాలబ్బీ. మిద్దె మీది సింటెక్సు నీళ్లు మధ్యాహ్నానికి 40 దాటుతాయి. తెల్లారి పట్టు, బకెట్టులో మూడు నిమిషాలు ఉంచి చూడు, తొట్టికీ బకెట్టుకీ ఒక డిగ్రీలోపు తేడా ఉంటేనే పోయి. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రి బస్సులో చేపలు తెప్పించుకున్నా ఇదే లెక్క. సంచి తొట్టిలో తేలవేసి, ఇరవై నిమిషాలకు సంచి విప్పి లోపలి నీళ్లూ కొలిచి, అప్పుడు వదులు.

మన బోరు నీళ్లకు గాజు మీద తెల్లటి పొర కడుతుంది. వెనిగర్‌లో అరగంట నానేసి, మంచి నీళ్లతో కడుగు. సబ్బు వద్దు. థర్మామీటరును తొట్టి గాజుకు పట్టి ఉంచే రబ్బరు కప్పు గట్టిపడి జారుతుంటే వేడినీళ్లలో నానేస్తే కొన్నాళ్లు పట్టుకుంటుంది, తరువాత కొత్తది వేయాల్సిందే. ద్రవం గీత తెగితే ఉప్పు కలిపిన ఐసులో బుడ్డిని నిలువుగా ఉంచు. ద్రవమంతా బుడ్డిలోకి దిగి కలుస్తుంది. తీసి నిలబెట్టి ఉంచితే ఒకటే గీతగా ఎక్కుతుంది. ఆ తరువాత ఐసు పరీక్ష మళ్లీ చేయి.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద చేపలు గొట్టాన్ని మూతితో కొట్టి పగలగొడతాయి. వాటి తొట్టికి గాజుది పెట్టొద్దు, తీగ చివర కొలిచే డిజిటల్‌ది పెట్టు. చిన్న చేపల తొట్టిలోనే పగిలితే ముందు హీటరు, ఫిల్టరు ప్లగ్గులు తీసేయ్. చేపలను అదే తొట్టి నీళ్లున్న బకెట్టులోకి మార్చు. గొట్టం అడుగున బరువుకు వేసిన గుండ్లు సీసం లోహంవి కావచ్చు, గాజు ముక్కలతో పాటు అవి ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయ్. సగం నీళ్లు మార్చి, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్, అంటే మలినాలు పీల్చే బొగ్గు, వేసి నడుపు. ఆ మార్చే నీళ్లను కొలవడానికి ఇంకో థర్మామీటరు చేతిలో ఉండాలి కదా, అందుకే మొదటే రెండు కొని, రెండిటికీ ఐసు పరీక్ష పెట్టి, ఒకటి నిలువుగా డబ్బాలో దాచుకో.

ఇట్లు,
నీ మామ