అడ్వాన్సు అందింది, వీణ ఇంకా చెక్కలేదు: ఆ డబ్బు ఎవరిది?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. నా వయసు 38. తమ్ముడూ నేనూ కలిసి నెలకు రెండు వీణలు చేస్తాం. వీణ ధర రూ.30,000, సగం ముందే తీసుకుంటాం. పనస కొయ్య, తంత్రులు, మెట్లు, మైనం అన్నిటికీ కలిపి ఒక్కో వీణకు రూ.9,000 అవుతుంది. ఇంటి ఖర్చు నెలకు రూ.20,000. చేతిలో ఏడు ఆర్డర్లున్నాయి, మూడింటికే సామాను కొన్నాం. ఈమధ్య ఒకరు ఆర్డరు వద్దనుకుంటే, ఇంకొకరి అడ్వాన్సు తీసి ఇచ్చేశాను. బ్యాంకులో రూ.22,000 ఉంది. ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేయమంటారా?

జవాబు: వద్దు. ఆ డబ్బు ఇంకా మీది కాలేదు.

ఏడుగురి దగ్గర రూ.1,05,000 తీసుకున్నారు. అందుకు బదులుగా మీ దగ్గరున్నవి బ్యాంకులోని రూ.22,000, రూ.27,000 విలువైన సామాను. మిగతా రూ.56,000 ఇల్లు గడవడానికి ఖర్చయింది. మీరు దుబారా చేశారని నేను అనను. చేయబోయే పనికి కూలి ముందే వాడుకున్నారు. కానీ ఒకే వారంలో ఇద్దరు వెనక్కి అడిగితే రూ.30,000 ఎక్కడి నుంచి తెస్తారు? నన్ను భయపెడుతున్నది ఇదే.

అప్పు చేయకుండానే దీన్ని సరిదిద్దుకోవచ్చు. ఏడు వీణలూ ఇచ్చేసరికి రావలసిన సగం రూ.1,05,000 చేతికి వస్తుంది. ఉన్న రూ.22,000 కలిపి రూ.1,27,000. నాలుగింటి సామానుకు రూ.36,000, మూడున్నర నెలల ఇంటి ఖర్చుకు రూ.70,000 పోగా రూ.21,000 మిగులుతుంది. అది నిజంగా మీది. షరతు ఒక్కటే: ఈలోగా వచ్చే కొత్త అడ్వాన్సులను వేరే ఖాతాలో వేసి, ఆ వీణల సామానుకు తప్ప ముట్టకూడదు.

ఇకపై సగం ఒకేసారి తీసుకోకండి. ఆర్డరు రోజున రూ.10,000, కుండా (గుండ్రటి భాగం), దండీ (పొడవాటి కాడ) చెక్కి ఫొటో పంపాక రూ.10,000, వీణ పలికించి వినిపించాక, పంపే ముందు మిగతాది. మొదటి విడతలోనే సామాను ఖర్చు వచ్చేస్తుంది.

రసీదు తప్పక రాయండి. చట్టం దృష్టిలో బయానా, అంటే మాట తప్పనని హామీగా ఇచ్చే సొమ్ము, వేరు; ధరలో భాగంగా తీసుకున్న అడ్వాన్సు వేరు. కొనేవారు మాట తప్పితే అట్టిపెట్టుకోగలిగేది బయానాను మాత్రమే, అదీ ముందే ఒప్పుకొని ఉంటే. అయినా మామూలు వీణకు డబ్బు అట్టిపెట్టుకోవడం నాకు నచ్చదు. అది మరొకరికి అమ్ముడుపోతుంది. ‘ఆర్డరు వద్దనుకుంటే, వీణ మరొకరికి అమ్మిన వెంటనే, ఆలస్యమైతే 60 రోజుల్లో తిరిగి ఇస్తాను’ అని రాయండి. ఎడమచేతి వాటానికో, పేరు చెక్కించుకునో చేయించుకున్నదైతే మాత్రం మొదటి విడత బయానా అని, అది తిరిగి రాదని రసీదులో స్పష్టంగా రాయండి.

మీ ఆస్తి మీ చేతులే. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాదంలో ఒక చెయ్యి పోతే లక్ష వస్తుంది. ఉలి తగిలి నెల రోజులు పని ఆగితే ఏమీ రాదు. రూ.436 కట్టే జీవన్ జ్యోతి బీమా కూడా మరణిస్తేనే. అన్నదమ్ములిద్దరూ రెండూ తీసుకోండి, కానీ పని ఆగిన నెలలను దాటించేది మీ సొంత నిల్వే. మిగిలే ఆ రూ.21,000తో మొదలుపెట్టి రూ.60,000 వరకు పెంచండి.

పీపీఎఫ్ ఆ తర్వాత. ప్రభుత్వ పింఛను పథకం అటల్ పెన్షన్‌కు మాత్రం అంత ఆగకండి: ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే ఈ ఏడాదే చేరండి, 40 దాటితే చేర్చుకోరు.