హైదరాబాద్ ఫ్లాట్ అమ్మి హన్మకొండలో ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు 1,35,000 చేతికొస్తుంది. బాచుపల్లిలో 2019లో కొన్న ఫ్లాట్‌లో ఉంటున్నాం. దానిమీద ఇంకా 34 లక్షల అప్పుంది, ఈఎంఐ 36,000. పాప మూడో తరగతి. కంపెనీ వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తే చాలంటోంది. మాది పరకాల. నాన్నకు 71 ఏళ్ళు, అమ్మకు 64. నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి. అందుకని హన్మకొండకు మారి, వాళ్ళను మాతోపాటే ఉంచుకోవాలనుకుంటున్నాం. ఫ్లాట్ 75 లక్షలు పలుకుతోంది. అది అమ్మేసి, మా బావమరిది చూపించిన 85 లక్షల ఇండిపెండెంట్ ఇల్లు కొందామని ఆలోచన. అమ్మకుండా కిరాయికిస్తే 24,000 వస్తుందంటున్నారు. హన్మకొండలో మాకు సరిపోయే ఇంటికి 14,000 అడుగుతున్నారు. పాప పుట్టాక మా ఆవిడ ఉద్యోగం మానేసింది. అక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో 38,000 చేతికిస్తామని పిలుస్తున్నారు, ఇంటి ఖర్చులకు సాయంగా ఉంటుంది. 6 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 15,000 సిప్ ఉన్నాయి. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. చిన్న ఊళ్ళో ఖర్చులు తక్కువ కాబట్టి అప్పు తొందరగా తీర్చేయగలమా?

జవాబు: హన్మకొండకు వెళ్ళండి. ఫ్లాట్ మాత్రం అమ్మకండి. బావమరిది చూపించిన ఇల్లు ఇప్పుడే కొనకండి. కారణాలు వరసగా చెబుతాను.

ముందు మీ లెక్కనే కాగితం మీద పెడదాం. 75 లక్షలకు అమ్మి 34 లక్షల అప్పు తీరిస్తే చేతిలో 41 లక్షలు. కొత్త ఇల్లు 85 లక్షలు. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయిస్తే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 6,37,500. అటు అమ్మకానికి, ఇటు కొనుగోలుకు బ్రోకర్‌కి ఒక్కో శాతం వేసుకున్నా మరో 1,60,000. మొత్తం దగ్గర దగ్గర 93 లక్షలు. అంటే మీరు కొత్తగా 52 లక్షల అప్పు చేయాలి. ఎనిమిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళు పెట్టుకుంటే ఈఎంఐ 43,500 అవుతుంది. ఇప్పుడున్న అప్పు ఇలాగే కడుతూ పోతే పన్నెండున్నరేళ్ళలో, మీకు యాభై నిండేసరికి తీరిపోతుంది. కొత్తది మీకు 57 ఏళ్ళు వచ్చేదాకా ఉంటుంది. అప్పు తొందరగా తీర్చుకోవడానికి ఊరు మారుతూ ఏడేళ్ళు ఎక్కువ అప్పు నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? ఫ్లాట్ మీద వచ్చిన లాభాన్ని గడువులోగా మరో ఇంట్లో పెడితే ఆ లాభం మీద పన్ను పడదు, నిజమే. కానీ పన్ను మిగలడం ఒక్కటే కొనడానికి కారణం కాకూడదు.

అసలు విషయం ఇంకోటి ఉంది. మీ ఇల్లు మారుతోంది కానీ మీ ఉద్యోగం మారడం లేదు. అది హైదరాబాద్‌లోనే ఉంది. వారానికి రెండు రోజులన్న కంపెనీ రేపు నాలుగు రోజులనొచ్చు, ఈ రెండు మూడేళ్ళలో చాలా కంపెనీలు అలాగే అన్నాయి. ఈ ఉద్యోగం పోతే ఇదే జీతానికి ఇంకోటి వరంగల్‌లో దొరకడం కష్టం. వరంగల్ పక్కనే మడికొండలో ఐటీ ఆఫీసులు 2020లో మొదలైన మాట నిజమే. అయినా హైటెక్ సిటీలో ఒక గేటు మూసుకుంటే పక్క గేటు తట్టొచ్చు, ఇక్కడ తట్టడానికి అన్ని గేట్లు లేవు. ఆ ఫ్లాట్ మీకు ఆస్తి మాత్రమే కాదు, అవసరమైతే నెల రోజుల్లో వెనక్కి వెళ్ళడానికి దారి.

ఇప్పుడు కిరాయి లెక్క. ఫ్లాట్ మీద 24,000 వస్తుందన్నారు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు మోటారో పెయింటో అంటారు. కాబట్టి నెలకు 21,000 అనుకోండి. ఇక్కడ మీరు 14,000 కడతారు. మిగులు 7,000. అది మీ రాకపోకలకే పోతుంది. పొద్దున అయిదున్నరకు హన్మకొండలో బస్సెక్కితే ఉప్పల్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అక్కడినుంచి మెట్రోలో మారకుండా రాయదుర్గం దాకా పోవచ్చు. ఇంటి గడప నుంచి ఆఫీసు సీటు దాకా నాలుగు గంటలకు పైనే. ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు సాయంత్రం తిరిగొస్తే బస్సు, మెట్రో, భోజనం, పడక కలిపి వారానికి 2,000కి తగ్గదు. నెలకు 8,500 దాకా అవుతుంది. అంటే ఇల్లు మారినందువల్ల మీకు నయాపైసా మిగలదు.

ఒక చిన్న సంగతి మాత్రం మీకు కలిసొస్తుంది. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు మీద వడ్డీకి మినహాయింపు లేదు. అదే ఇల్లు కిరాయికి ఇస్తే, వచ్చే కిరాయిలోంచి 30 శాతం తీసేసి, మిగిలిన దాంట్లోంచి వడ్డీ తీసేసుకోవచ్చు. మీకు ఏడాది వడ్డీయే 2.7 లక్షల దగ్గర ఉంది కాబట్టి ఆ కిరాయి మీద పన్ను పడదు. పైన మిగిలే వడ్డీని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు, ఆ ఆశ పెట్టుకోకండి.

మరి డబ్బు ఎక్కడ మిగులుతుంది? మీ ఉత్తరంలో చివర్న ఒక ముక్కలో రాసి వదిలేసిన చోట. మీ శ్రీమతి గారి 38,000.

బాచుపల్లిలో ఆమె ఉద్యోగం ఎందుకు మానేయాల్సి వచ్చిందో మీకు నాకన్నా బాగా తెలుసు. పాపను చూసేవాళ్ళు లేరు, పోను గంటన్నర, రాను గంటన్నర. హన్మకొండలో బడి పదిహేను నిమిషాలు, కాలేజీ ఇరవై నిమిషాలు, ఇంట్లో నానమ్మ ఉంటుంది. ఇలాంటి ఊరు మనిషికిచ్చేది చవక కూరగాయలు కాదు, రోజుకు మూడు గంటలు. ఆ మూడు గంటలు ఆమె చేతికొస్తే ఏడాదికి 4,56,000 ఇంటికొస్తుంది, దానికి ఆదాయపు పన్నూ లేదు. ఇదొక్కటే ఈ మార్పులో పెద్ద లెక్క. దీన్ని 'ఖర్చులకు సాయం' అనొద్దని నా మనవి. చేరేముందు ఆ కాలేజీలో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురిని అడగండి, జీతాలు ఏ నెలకా నెల పడుతున్నాయా, పీఎఫ్ కడుతున్నారా అని. నాలుగు నెలలకోసారి జీతం ఇచ్చే కాలేజీలు ఉన్నాయి.

ఆమె జీతాన్ని మొదటి పదకొండు నెలలు ఇంటి ఖర్చులో కలపకండి. ఈఎంఐ 36,000, ఇంటి ఖర్చు 50,000 అనుకుంటే నెలకు 86,000. మీ ఉద్యోగం ఒక్క ఊరికి ముడిపడి ఉంది కాబట్టి మీకు ఆరు నెలల నిల్వ చాలదు, ఏడాదిది కావాలి, అంటే పది లక్షలు. ఆరు ఉన్నాయి. మిగతా నాలుగు ఆమె జీతంతో పదకొండు నెలల్లో వస్తాయి. ఆ నాలుగు లక్షల ఎఫ్‌డీ ఆమె పేరు మీదే చేయండి. తర్వాత ఆమె పేరున 20,000 సిప్ మొదలుపెట్టి, మిగిలింది మీ ఇంటి అప్పులో అసలు కింద కట్టండి. అప్పు తొందరగా తీరే దారి అదీ.

ఇక ఇలాంటి ఊళ్ళో ఖర్చు ఎలా వస్తుందో చెప్పాలి, నేనూ హైదరాబాద్ వదిలి ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. హైదరాబాద్‌లో ఖర్చు మాల్‌లో, టోల్ గేటు దగ్గర అవుతుంది. ఇక్కడ ఇంటికి నడిచొస్తుంది. పెళ్ళి, గృహప్రవేశం, ఒడిబియ్యం, దావత్, చదివింపులు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు 'సెలవు దొరకలేదు' అంటే ఒప్పుకున్నవాళ్ళు ఇక ఒప్పుకోరు. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ వారం హన్మకొండలో ఇల్లున్నవాడి హాలు నిండా చాపలే. మొదటిసారి మా ఇంట్లో పంతొమ్మిది మంది పడుకున్నారు. తెల్లారి నాలుగింటికే మా ఆవిడ ఉప్మా గిన్నె దించుతుంటే, మా మేనత్త ఎత్తు బంగారం మొక్కు (మేడారం తల్లులకు మనిషి బరువెత్తు బెల్లం ఇవ్వడం) కోసం తెచ్చిన బెల్లం ముద్దలు మూలన సంచిలో చీమలు పట్టకుండా వేపాకు వేసి కట్టి ఉన్నాయి. ఆ రోజులు నాకు చాలా ఇష్టం, పోగొట్టుకోను. కానీ వాటికి డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. వేరే ఖాతాలో నెలకు 6,000 వేస్తూ పోండి. చదివింపులైనా, బట్టలు పెట్టడమైనా, చుట్టాల రాకపోకలైనా అందులోంచే.

ష్యూరిటీ సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి. సాఫ్ట్‌వేర్ జీతమని తెలిశాక అడుగుతారు. మన కాంట్రాక్ట్ చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో సంతకం పెట్టినవాడికీ అంతే. వాళ్ళు కట్టకపోతే బ్యాంకు నేరుగా మీ మీదికి రావచ్చు, మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది. చేబదులు ఇవ్వాలనిపిస్తే, తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వండి. చిట్టీల సంగతీ అంతే. 1982 చట్టం కింద రిజిస్ట్రార్ అనుమతి ఉన్న చిట్టీయేనా అని చూడకుండా వేయొద్దు. తెలిసిన మనిషే కదా అని నేను ఇరవై నెలలు 10,000 చొప్పున కట్టాను. ఒక సోమవారం వెళ్తే షట్టర్ దించి ఉంది, బయట నాలాంటివాళ్ళు నలభై మంది. ఒక ముసలాయన చేతిలో పాస్‌బుక్ పట్టుకుని మెట్టుమీద కూర్చుని ఉన్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగాలని ఆ రోజుదాకా నాకూ తోచలేదు.

ఆరోగ్య బీమా విషయంలో మీరు ఆలస్యం చేశారు, ఈ నెలలోనే సరిచేయండి. ఆఫీసు బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. నేను ఉద్యోగం మానేసిన మూడో నెలలో మా నాన్నకు రాత్రి పదకొండింటికి గుండెనొప్పి వచ్చింది. ఎంజీఎం ప్రభుత్వాస్పత్రి ఉంది, ప్రైవేటు ఆస్పత్రులున్నాయి, అయినా ఆ స్థితిలో హైదరాబాద్ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్స్‌లో జనగామ దాటేదాకా ఆయన చెయ్యి వదల్లేదు. బిల్లు నాలుగు లక్షల అరవై వేలు, మొత్తం నా జేబులోంచే. మీ ముగ్గురికీ ఒక పాలసీ, మీ అమ్మగారికి విడిగా ఇంకోటి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఎదురుచూడాల్సిన గడువు ఇప్పుడు మూడేళ్ళకు మించకూడదు, కాబట్టి ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మీ నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల వైద్యానికి అర్హత ఉంది, ఆధార్‌తో అప్లై చేయించండి.

పాలసీ తీసుకునేటప్పుడు ఒకటి తప్పక అడగండి. కొన్ని కంపెనీలు ఊళ్ళను జోన్లుగా విడగొడతాయి. చిన్న ఊరి చిరునామా ఇస్తే ప్రీమియం తగ్గుతుంది. కానీ పెద్ద జోన్‌లోని ఊళ్ళో చేరితే బిల్లులో కొంత శాతం మీరే కట్టుకోవాలని పాలసీలో రాసి ఉంటుంది. మీకు పెద్ద వైద్యం అవసరమైతే వెళ్ళేది హైదరాబాదే. ప్రీమియం కాస్త ఎక్కువైనా ఆ షరతు లేనిదే తీసుకోండి.

ఇల్లు ఎప్పుడు కొనాలి అంటారా? కనీసం ఒక వానాకాలం ఇక్కడ గడిపాక. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు వరంగల్, హన్మకొండల్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఎండాకాలంలో చూస్తే ఆ వీధులు ఎంతో నీటుగా ఉంటాయి. బావమరిది చూపించిన ఇంటికి వెళ్ళినప్పుడు లోపలి టైల్స్ చూడకండి, కాంపౌండ్ గోడ బయటి వైపు చూడండి. నడుమెత్తున గోధుమరంగు చార ఉంటే, దాన్ని కప్పడానికి అంతవరకే కొత్త రంగు వేసి ఉంటే, సందు చివర కిరాణా కొట్టాయన్ని అడగండి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. ఆయన చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆ తర్వాత బల్దియా (నగరపాలక సంస్థ) అనుమతి కాగితం, లేఅవుట్‌ను క్రమబద్ధం చేసిన ఎల్ఆర్ఎస్ కాగితం చూడండి. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటినుంచి బ్రోకర్లు ప్రతి గజానికీ విమానం రేటు చెబుతున్నారు. విమానం ఎగిరినా మీ ఈఎంఐ మీరే కట్టాలి.

కంపెనీ చెప్పిన రెండు రోజుల మాట మెయిల్‌లో రాయించుకోండి. పాప పరీక్షలయ్యాక, బళ్ళు తెరిచేలోపు మారండి. కిరాయి ఇల్లు బస్టాండ్‌కు దగ్గరని చూడకండి, ఆమె కాలేజీకీ పాప బడికీ మధ్యలో చూడండి. మీరు బస్సెక్కేది వారానికి ఒక్కసారి, ఆమె వెళ్ళాల్సింది రోజూ.