స్నేహితులతో షికార్లు.. ఖర్చు ఎవరి పద్దులో?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు స్నేహితులతో సినిమా, మాల్, థీమ్ పార్కు అంటూ వెళ్తోంది. ఇంట్లో అందరం కలిసి వెళ్లేవి వేరే. అడిగినప్పుడల్లా ఫోన్‌లో కొంచెం కొంచెం పంపుతున్నాం. నెల తిరిగాక లెక్క చూస్తే కళ్లు తిరిగాయి. నేను వద్దంటే వాళ్ల నాన్న దగ్గర తీసుకుంటుంది. స్నేహితుల్లో కొందరు బాగా ఉన్నవాళ్లు. వాళ్ల ముందు చిన్నబోకూడదని మాకూ ఉంది, అలాగని అడిగినంతా ఇవ్వలేం. అసలు ఎంత ఇవ్వాలి? థీమ్ పార్కు సీజన్ పాస్ కూడా కొనమంటోంది. కొనొచ్చా?

జవాబు: ఉత్తరంతో పాటు ఒక శనివారం నాటి చెల్లింపుల చిట్టా జత చేశారు. మంచి పని చేశారు, సగం జవాబు అందులోనే ఉంది. టికెట్, దాని మీద ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, లోపల లాకర్ అద్దె, భోజనం, రెండుసార్లు కూల్‌డ్రింకులు, ఫొటో బూత్, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పవర్ బ్యాంక్ అద్దె, సాయంత్రం రద్దీలో మామూలు కంటే బాగా ఎక్కువ పడిన క్యాబ్. మీరు సరే అన్నది టికెట్‌కి. అది ఆ రోజు ఖర్చులో సగం కూడా లేదు. మిగతాది ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, అలా జరిగిపోయింది.

అందుకే ఇకనుంచి ‘టికెట్ ఎంత?’ అని అడక్కండి. ‘గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇంట్లో అడుగుపెట్టేదాకా మొత్తం ఎంత?’ అని అడగండి. మొదట్లో తను చెప్పే అంకె తప్పుతుంది. ఫర్వాలేదు, రెండు మూడుసార్లకి దగ్గరికొస్తుంది.

ఇక పద్దులు విడదీద్దాం. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే షికార్ల ఖర్చు మీది, అందులో తన చేతి డబ్బు ముట్టుకోవద్దు. స్నేహితులతో తిరిగేది తనది. దానికి సెలవులు అయ్యేదాకా ఇంత అని ఒకటే మొత్తం ఇవ్వండి. ఈ గీత గీయకపోవడం వల్లే ఇప్పుడు ప్రతి సినిమా మీ ఇంట్లో ఒక బేరమవుతోంది.

ఆ మొత్తం ఎంతో తేల్చడానికి, తను అడిగే దగ్గర మొదలుపెట్టకండి. సెలవులు అవగానే వచ్చిపడే ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం డబ్బులు ముందు తీసి పక్కన పెట్టండి. వాయిదాలు, ఇంటి ఖర్చు, నెలనెలా చేసే పొదుపు ఎప్పటిలాగే సాగాలి. తర్వాత కుటుంబంతో వెళ్లాలనుకున్న వాటికి కొంత. ఇవన్నీ పోగా మీకు నొప్పి తెలియకుండా వదులుకోగలిగినదే స్నేహితుల షికార్ల పద్దు. దాన్ని మిగిలిన వారాలతో భాగించండి. చిన్న అంకె వస్తే చిన్న అంకే. దాన్ని పెంచడానికి అత్యవసర నిధిలో చెయ్యి పెట్టడం, క్రెడిట్ కార్డు మీద లాగించి వచ్చే నెల చూసుకుందాంలే అనుకోవడం వద్దు.

మీవారు ఏమీ అనుకోకపోతే ఇంకో మాట. మీ ఇంట్లో అసలు చిల్లు ఆయన దగ్గరే ఉంది. అమ్మ కాదంటే నాన్న ఉన్నాడని తెలిసిన పిల్లకి ఏ బడ్జెట్టూ పనిచేయదు. అంకె మీరిద్దరూ ముందే అనుకుని, తను వినేలా ఒకేసారి చెప్పండి. ఇచ్చేది మాత్రం ఒక్కరే.

వారానికోసారి ఇవ్వండి, అదీ సోమవారం. శుక్రవారం సాయంత్రం చేతిలో పడిన డబ్బు ఆదివారం రాత్రికి ఉండదు. సోమవారం వస్తే ఏ ప్లాన్‌కి వెళ్లాలి, దేన్ని వదిలేయాలి అని ఆలోచించుకోవడానికి నాలుగైదు రోజులు దొరుకుతాయి. రెండు మూడు వారాలు సజావుగా సాగితే పదిహేను రోజులకోసారి చేయొచ్చు. వీలైతే నోట్ల రూపంలోనే ఇవ్వండి. పర్సు పలచబడటం కంటికి కనిపిస్తుంది, ఫోన్‌లో అంకె తగ్గడం కనిపించదు. ఫోన్‌తోనే కట్టక తప్పదంటే ఆ వారం డబ్బు మాత్రమే ఉండే విడి ఖాతా పెట్టండి. మీ కార్డు తన ఫోన్‌లో సేవ్ అయి ఉంటే ఇవాళే తీసేయండి.

బుధవారానికే అంతా అయిపోయి మళ్లీ అడిగితే పంపొద్దు. ఒక శనివారం ఇంట్లో కూర్చుంటే కొంపేమీ మునగదు. మరీ తప్పదనిపిస్తే సెలవుల మొత్తానికి ఒక్కసారి అప్పుగా ఇచ్చి, తర్వాతి వారంలో కోసేయండి.

ఒక్క ఖర్చు మాత్రం ఈ లెక్కలోకి రాకూడదు, పొద్దుపోయాక ఇంటికి చేరే ఖర్చు. దాన్ని తన వాటాలో కలిపితే ఆ డబ్బు కూడా మిగుల్చుకోవాలని చూస్తుంది, చీకట్లో నడిచి రావడమో, ఎవరి బండి మీదో ఎక్కడమో చేస్తుంది. ఆ ప్రయాణం మీ పద్దులోనే ఉంచండి, అడిగితే ఎదురు ప్రశ్న వేయకండి. కాకపోతే క్యాబ్‌ల ధర రద్దీని బట్టి మారుతుంది కాబట్టి, అందరూ ఒకేసారి బయటపడే సమయం కంటే ఓ అరగంట ముందే బయల్దేరమని చెప్పొచ్చు.

ఇప్పుడు బాగా ఉన్న స్నేహితుల సంగతి. ఇక్కడ ఎక్కువ ఖర్చు చేయించేది గొప్పలు కాదు, బిల్లు పంచుకునే పద్ధతి. ఇజ్రాయెల్‌లో ఒక రెస్టారెంట్లో విద్యార్థుల్ని ఆరుగురేసి కూర్చోబెట్టి చేసిన ప్రయోగం ఒకటుంది, 2004లో ప్రచురించారు. ఎవరి బిల్లు వాళ్లదే అన్న బల్లల కంటే, అందరూ సమానంగా పంచుకోవాలన్న బల్లల దగ్గర తలసరి ఖర్చు మూడో వంతుకు పైగా పెరిగింది. ఏ పద్ధతి కావాలని అడిగితే ఎక్కువమంది ‘ఎవరిది వాళ్లం కట్టుకుంటాం’ అన్నారు. ఇష్టం ఒకటి, బల్ల దగ్గర చేసేది ఇంకొకటి. పక్కవాడు ఖరీదైనది తెప్పించుకుంటుంటే నా వాటా ఎలాగూ పడుతుంది కదా అని మనమూ తెప్పించేసుకుంటాం. టీనేజర్లు దీనికి మినహాయింపు కాదు, వాళ్ల అమ్మానాన్నలూ కాదు.

అందుకని మీ అమ్మాయికి రెండు చిట్కాలు చెప్పండి. ఒకటి, ఆర్డర్ ఇవ్వకముందే ‘నాది నేను కట్టేస్తా’ అనేయాలి. బిల్లు వచ్చాక అంటే పిసినారితనంలా ఉంటుంది, ముందే అంటే ఎవరూ పట్టించుకోరు. రెండు, వారం మొదట్లోనే గ్రూపులో తనే ఒక ప్లాన్ పెట్టాలి. ఎంత ఖర్చులో తిరగాలన్నది చాలాసార్లు ముందు మాట్లాడినవాళ్లే నిర్ణయిస్తారు. మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం పార్కు అని ముందే అంటే, సగం సందర్భాల్లో మాల్ మాటే రాదు. అన్నిటికీ రాలేనని చెప్పడం కంటే, ‘ఈ వారం నా బడ్జెట్ అయిపోయింది, పార్కుకైతే వస్తా’ అనడం ఆ వయసువాళ్లకి తేలిక.

సీజన్ పాస్ విషయానికొస్తే, ఇప్పుడే కొనకండి. పాస్ ధరను ఒకరోజు టికెట్ ధరతో భాగించండి. నాలుగు వచ్చిందనుకుందాం, అంటే ఐదోసారి వెళ్తేనే లాభం మొదలు. మిగిలిన సెలవుల్లో ఆ ఐదు రోజులూ ఏవో క్యాలెండర్ మీద తనచేతే గుర్తు పెట్టించండి. పాస్ చెల్లని తేదీలు కొట్టేయండి, స్నేహితులు ఊళ్లో లేని రోజులూ కొట్టేయండి. నలుగురిలో ఇద్దరికే పాస్ ఉంటే మూడోసారికే ఆ సరదా ఆగిపోతుంది. మన రాకపోకల్ని మనం ఎక్కువగా ఊహించుకుంటామని 2006లో వచ్చిన ఆర్థికవేత్తలు డెల్లావిగ్నా, మాల్మెండియర్‌ల జిమ్ అధ్యయనం చూపించింది. అమెరికాలో నెలవారీ సభ్యత్వం తీసుకున్నవాళ్లకు ఒక్కో రాకకు సగటున 17 డాలర్లకు పైగా పడింది. అదే జిమ్‌లో పదిసార్ల పాస్ కొనుక్కుంటే రాకకు 10 డాలర్లతో పోయేది.

పైగా పాస్ తగ్గించేది టికెట్‌ని మాత్రమే. లాకరూ, భోజనం, క్యాబూ ప్రతిసారీ ఉంటాయి. మీ శనివారం చిట్టాలో బరువంతా వాటిదేనని చూశాం కదా. ఒకసారి మామూలు టికెట్‌తో వెళ్లి రానివ్వండి. ఆ రోజు టికెట్ డబ్బును పాస్ ధరలో సర్దుబాటు చేసే పార్కులు కొన్ని ఉన్నాయి, బయటికి వచ్చేముందు కౌంటర్లో అడగమనండి. కొన్నా సరే, ఏడాది తిరగగానే దానంతటదే రెన్యువల్ అయ్యే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి.

కుటుంబ షికార్లలో ఒకదాన్ని పూర్తిగా తనకే అప్పగించి చూడండి. ఇదీ మొత్తం, మనం ఐదుగురం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వే నడిపించు అనండి. మిగిల్చిందాంట్లో సగం నీకే అని ఆశ మాత్రం పెట్టకండి. పెడితే ఎండలో నానమ్మని నడిపిస్తుంది.

సెలవుల చివర తన పద్దులో ఏమైనా మిగిలితే అది తనదే. ‘చూశావా, ఇంతతో సరిపోయింది’ అని వచ్చే ఏడాది కోత పెడితే, ఆఖరి వారంలో ఉన్నదంతా ఊదేస్తుంది. బడ్జెట్ మురిగిపోతుందని ఏడాది చివర్లో ఆఫీసులు చేసే పనీ అదే కదా.