జవాబు: ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్ల) ప్రశ్నను లోక్‌సభలో ఎందుకు తిరస్కరించారంటే

మీ ఎంపీ ఆఫీసు పంపిన ప్రశ్నకు అడ్డం పడింది ఈ వాక్యమేనండీ: “ప్రభుత్వ నిర్లక్ష్యం వల్లే ఎంఎంటీఎస్ రెండో దశ నత్తనడక నడిచిందన్నది నిజం కాదా?” ఆరోపణ ఉంటే అనుమతించరు. జీహెచ్ఎంసీ రోడ్ల ముక్కా తీసేయండి, అది రాష్ట్రం పని.

ఇలా అడగండి: రైల్వే వాటా ఎంత, ఏ ఏడాది ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, ఏ సెక్షన్ ఎందుకు మిగిలింది. మొత్తం 150 పదాలు దాటొద్దు. నోటీసు, జవాబు చెప్పాల్సిన రోజుకు 15 పూర్తి రోజుల ముందే చేరాలి.

నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేవి) రోజుకు 20 మాత్రమే, అదీ లాటరీలో. వాటి మీద అనుబంధ ప్రశ్నలు వేసే వీలుంది గానీ, అంకెలు కావాలంటే నక్షత్రం లేని ప్రశ్నకు వచ్చే లిఖిత జవాబే మేలు. “సమాచారం సేకరిస్తున్నాం” అని వస్తే నిరాశపడకండి. అది హామీ కింద లెక్క, 3 నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది.